పేదనేల పూలచెట్టు పళ్ళెంలోకి వస్తే

బాన్సాయ్ పెంపకం నేర్పే పుస్తకాల్లో, మట్టి కలుపుకునే పద్ధతి చెప్పేచోట, ఎముకల పొడి మాట తరచుగా కనిపిస్తుంది. పైన్‌కీ, మేపుల్‌కీ అది మంచి బలం. అదే పొడిని అదే మోతాదులో బ్యాంక్సియా కుండీలో కలిపితే కొన్ని వారాల్లో ఆకులు పాలిపోతాయి, అంచులు మాడతాయి, కొమ్మలు ఒక్కొక్కటిగా ఎండుతూ వస్తాయి. పెంచేవాళ్ళు నీళ్ళు ఎక్కువయ్యాయేమోనని తగ్గిస్తారు, తర్వాత తక్కువయ్యాయేమోనని పెంచుతారు. రెండూ కారణం కాదు. ఆ మొక్క చచ్చిపోతున్నది తిండి ఎక్కువై.

ఆస్ట్రేలియా పూలపొదలను బాన్సాయ్‌గా పెంచాలనుకునేవాళ్ళు ముందుగా అర్థం చేసుకోవలసింది ఈ చావునే. బ్యాంక్సియా, బాటిల్ బ్రష్, టీ-ట్రీ, పేపర్‌బార్క్ వంటి మొక్కల ఒంట్లో రెండు పాత చరిత్రలు దాగి ఉన్నాయి. ఒకటి భాస్వరం కరవైన నేలది, రెండోది మళ్ళీ మళ్ళీ వచ్చిపడే కార్చిచ్చుది. ఎరువు ఎంత వేయాలి, కత్తెర ఎక్కడ పెట్టాలి, కుండీ ఏ కాలంలో మార్చాలి అన్న ప్రశ్నలకు జవాబులు ఆ చరిత్రల్లోనే దొరుకుతాయి. జపాన్‌లో వందల ఏళ్ళపాటు పండిన బాన్సాయ్ అనుభవం చాలా గొప్పది. అయితే అది వేరే నేల మీద, వేరే చెట్ల దగ్గర నేర్చుకున్న అనుభవం.

మొదట నేల చరిత్ర. 1770 ఏప్రిల్ 29న జేమ్స్ కుక్ నౌక ఎండెవర్, ఇప్పటి సిడ్నీకి దక్షిణాన ఉన్న ఒక అఖాతంలో లంగరు వేసింది. నౌకలో ఉన్న వృక్షశాస్త్రవేత్తలు జోసెఫ్ బ్యాంక్స్, డేనియల్ సొలాండర్ ఒడ్డెక్కి, అంతకుముందు యూరప్ ఎరగని మొక్కలను కుప్పలుగా సేకరించారు. ఆ సంపద చూసే కుక్ ఆ చోటికి బోటనీ బే అని పేరు పెట్టాడు. సేకరించినవాటిలో ఒక ప్రజాతికి 1782లో వృక్షశాస్త్రవేత్త చిన్న లినేయస్ బ్యాంక్స్ పేరు మీద బ్యాంక్సియా అని పేరు పెట్టాడు. అక్కడి ఆదివాసులకు ఆ మొక్క తరతరాలుగా తెలుసు. దాని పూలకంకులను నీళ్ళలో నానబెట్టి తియ్యటి పానీయం చేసుకునేవారు.

ఇన్ని మొక్కలు పెరుగుతున్న చోట నేల కూడా సారవంతమై ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. బ్యాంక్స్ కూడా అనుకున్నాడు. కొత్త వలసకు బోటనీ బే తగిన చోటని లండన్‌లో సిఫారసు చేశాడు. 1788 జనవరిలో ఖైదీలతో వచ్చిన మొదటి నౌకాదళం అక్కడ దిగి చూస్తే ఇసుక నేల, మంచినీటి కొరత. కొద్ది రోజుల్లోనే దళపతి ఆర్థర్ ఫిలిప్ అందరినీ ఉత్తరాన ఉన్న సిడ్నీ రేవుకు తరలించాడు. ఆ కొత్త చోట కూడా మొదటి పంటలు సరిగా పండలేదు. గోధుమ బతకలేని ఆ మట్టిలో బ్యాంక్సియాలు విరగబూస్తున్నాయి.

భాస్వరం సంగతి తెలిస్తే ఇందులో వింత ఉండదు. నత్రజని గాలిలో ఉంది. బాక్టీరియా దాన్ని పట్టి నేలకు ఇవ్వగలదు. భాస్వరానికి ఆ దారి లేదు. అది రాతి నుంచే రావాలి. రాయి అరిగి మట్టి అయినప్పుడు కొంత వస్తుంది, వానలకు కొట్టుకుపోతుంది, మిగిలినది ఇనుముతోనూ అల్యూమినియంతోనూ ముడిపడి మొక్కలకు అందకుండా పోతుంది. ప్రపంచంలో చాలాచోట్ల అగ్నిపర్వతాలు కొత్త రాతిని పైకి తెచ్చాయి, హిమానీనదాలు పాత రాతిని నూరి తాజా మట్టి పరిచాయి. ఆస్ట్రేలియాలో ఎక్కువ భాగానికి ఆ భాగ్యం చాలా కాలంగా లేదు. ఖండం పడమటి భాగంలో కొన్ని శిలల వయసు 250 కోట్ల ఏళ్ళు దాటింది. సిడ్నీ చుట్టూ ఉన్న ఇసుకరాయి 20 కోట్ల ఏళ్ళకు పైబడినది. అన్ని వానలు తిన్న నేలలో ఇక మిగిలేది ఇసుకే.

బ్యాంక్సియా ఆ నేలలో బతకడానికి చేసుకున్న ఏర్పాటును కుండీలోనే చూడొచ్చు. కుండీ మార్చేటప్పుడు మట్టిముద్దను మెల్లగా బయటికి లాగి, పైపొరలో రాలిన ఆకుల కింద వేలితో కదిపి చూడండి. తెల్లగా, లేత గోధుమరంగులో, నూగులా అల్లుకున్న పొర ఒకటి తగులుతుంది. కొత్తవాళ్ళు దాన్ని బూజు అనుకుని గీకేస్తుంటారు. భూతద్దం కింద పెడితే అసలు సంగతి తెలుస్తుంది. ఒక సన్నటి వేరు మీద, అంగుళం మేరలో, వందల పిల్లవేళ్ళు పక్కపక్కనే పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక్కోటి కొన్ని మిల్లీమీటర్లకు మించదు. వాటి నిండా మళ్ళీ సన్నటి వేరురోమాలు. ఆ గుత్తిని దులిపినా మట్టిరేణువులు ఊడిరావు.

ఈ గుత్తివేళ్ళను 1960లో హెలెన్ పర్నెల్ అనే ఆస్ట్రేలియన్ శాస్త్రవేత్త నిశితంగా పరిశీలించి వర్ణించారు. ఆ తర్వాతి పరిశోధనల్లో అవి చేసే పని తేలింది. కొద్ది వారాలే బతికే ఈ గుత్తులు ఒక్కసారిగా సిట్రేట్, మాలేట్ వంటి ఆమ్ల లవణాలను మట్టిలోకి వదులుతాయి. ఇనుముతోనో అల్యూమినియంతోనో ముడిపడి ఉన్న భాస్వరాన్ని అవి విడిపిస్తాయి, వేరు వెంటనే పీల్చుకుంటుంది. భాస్వరం అంతగా దొరకని నేలలో ఒక్క అణువును కూడా వదలకుండా పట్టుకోవడానికే ఈ ఏర్పాటు.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. మన వరి, మన మామిడి భాస్వరం సరిపడా అందగానే పీల్చుకోవడం తగ్గించుకుంటాయి. బ్యాంక్సియా కుటుంబంలో చాలా మొక్కలకు ఆ తగ్గించుకునే శక్తి చాలా తక్కువ. వాటి పూర్వీకులకు భాస్వరం ఎక్కువయ్యే పరిస్థితే ఎదురుకాలేదు గనుక ఆ శక్తి నిలవలేదు. ఎరువు వేస్తే తాగుతూనే పోతాయి. ఆకుల్లో భాస్వరం పేరుకుని విషమవుతుంది. మన ఎరువుల కొట్లో దొరికే డీఏపీ బస్తా మీద 18-46 అని ఉంటుంది. ఆ 46 భాస్వరపు ఆక్సైడ్ లెక్క, అసలు మూలకంగా చూస్తే దాదాపు 20 శాతం. ఆస్ట్రేలియాలో దేశవాళీ మొక్కల కోసం అమ్మే ఎరువుల్లో భాస్వరం సాధారణంగా రెండు మూడు శాతం లోపే ఉంటుంది. కుండీ అంటే మరీ ప్రమాదం. నేలలో అయితే వేసింది నలువైపులా చెదురుతుంది, పళ్ళెమంత కుండీలో ప్రతి గింజా వేళ్ళకే అందుతుంది.

అలాగని ఆస్ట్రేలియా మొక్కలన్నీ ఇంతే అనుకుంటే అది ఇంకో పొరపాటు. బ్యాంక్సియా, గ్రెవిలియా, హకియా ఒకే కుటుంబం, భాస్వరానికి ఎక్కువగా దెబ్బతినేది అదే. బాటిల్ బ్రష్, టీ-ట్రీ, పేపర్‌బార్క్‌లది మన జామ, నేరేడు కుటుంబం. అవి గుత్తివేళ్ళ మీద కాక శిలీంధ్రాలతో స్నేహం మీద ఆధారపడతాయి. మామూలు ఎరువును కాస్త తక్కువ మోతాదులో వేస్తే హాయిగా పెరుగుతాయి. అందుకే బాన్సాయ్ మొదలుపెట్టేవాళ్ళకు నేనైతే బాటిల్ బ్రష్‌నే చెబుతాను. బ్యాంక్సియా జోలికి చేయి తిరిగాక వెళ్ళొచ్చు.

ఈ గుత్తివేళ్ళు చూడాలంటే అంత దూరం వెళ్ళక్కర్లేదు. అరకు, పాడేరు కాఫీ తోటల్లో నీడకోసం పెంచి మిరియాల తీగ పాకించే సిల్వర్ ఓక్ గ్రెవిలియా ప్రజాతిదే, తూర్పు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. కోస్తా ఇసుకలో పెరిగే సరుగుడు వేరే కుటుంబానిది, కానీ అదీ పేదనేల మొక్కే, దానికీ ఇలాంటి గుత్తులు వస్తాయి.

ఇక రెండో చరిత్ర, నిప్పుది.

సిడ్నీ ఇసుకరాయి గుట్టల మీద పక్కపక్కనే పెరిగే రెండు బ్యాంక్సియాలను తీసుకుందాం. ఒకటి బ్యాంక్సియా సెరాటా. మెలితిరిగిన కాండం, బుడిపెలు బుడిపెలుగా మందపాటి బెరడు, అంచుల వెంట రంపపు పళ్ళున్న పెద్ద ఆకులు. రెండోది బ్యాంక్సియా ఎరిసిఫోలియా. సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల పొడవున్న సూదుల్లాంటి ఆకులు, నిటారుగా పొద. కార్చిచ్చు వచ్చి రెండింటినీ కాల్చేసిందనుకోండి. కొన్ని వారాలకు సెరాటా నల్లబడిన బెరడులోంచే ఎర్రటి నూగు చిగుళ్ళు తొడుగుతుంది. ఎరిసిఫోలియా మాత్రం చచ్చిపోతుంది. చచ్చేముందు ఓ పని చేసిపోతుంది. ఏళ్ళ తరబడి కొమ్మల మీదే మూసుకుని ఉన్న దాని కాయల పెదవులు వేడికి తెరుచుకుని, గింజలు బూడిద మీద రాలతాయి. పోటీ లేని నేల, ఎండ, బూడిదలో కాస్త పోషకం. తరువాతి తరం అక్కడే మొలుస్తుంది.

తెరుచుకున్న ఆ కాయలతో నిండిన బ్యాంక్సియా కంకి ఎండితే ఎన్నో నోళ్ళున్న భూతంలా కనిపిస్తుంది. మే గిబ్స్ 1918లో రాసి బొమ్మలు వేసిన పిల్లల కథల పుస్తకంలో దుష్టపాత్రలు ఆ కంకులే. ఆస్ట్రేలియాలో పెరిగిన ఎన్నో తరాల పిల్లలకు బ్యాంక్సియా అంటే మొదట గుర్తొచ్చేది ఆ భయమే.

సెరాటా బతికి బయటపడటానికి రెండు దారులున్నాయి. బెరడు లోపల, కాండం పొడవునా నిద్రపోతున్న మొగ్గలు ఒకటి. మొదలు దగ్గర నేలమట్టాన ఉబ్బిన చెక్కగడ్డ రెండోది. లిగ్నోట్యూబర్ అనే ఆ గడ్డ మొక్కకు గాదె. పిండిపదార్థం అందులో నిల్వ ఉంటుంది, చుట్టూ మొగ్గలు సిద్ధంగా ఉంటాయి. పైభాగమంతా కాలిపోయినా అక్కడినుంచి లేస్తుంది.

మామూలు రోజుల్లో ఆ మొగ్గలను నిద్రపుచ్చేది ఆక్సిన్ అనే హార్మోను. కొమ్మల కొసల్లోని లేత చిగుళ్ళలో పుట్టి కిందికి దిగుతూ, దారిలో ఉన్న మొగ్గలను లేవనీయదు. దీన్నే అగ్రాధిక్యత అంటారు. కొస పోతే ఆ అడ్డు తొలగిపోతుంది. కొస నిప్పుకు పోయిందా, కత్తెరకు పోయిందా అన్నది మొగ్గకు అనవసరం. బాన్సాయ్ విద్యలో సగం ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. కాండం లావయ్యేదాకా మొక్కను పెద్ద కుండీలోనో నేలలోనో స్వేచ్ఛగా పెరగనిచ్చి, ఆపైన కావలసిన ఎత్తుకు నరికి, కొత్తగా లేచిన చిగుళ్ళలోంచి కొమ్మలు ఎంచుకుంటారు.

అయితే ఆ మొగ్గలంటూ ఉండాలి కదా. నిప్పుకు చిగురించే జాతి కత్తెరకూ చిగురిస్తుంది. నిప్పుకు చచ్చి గింజల మీద ఆశ పెట్టుకునే జాతిని ఆకుపచ్చ దాటి, ఆకుల్లేని పాత చెక్కలోకి నరికితే ఆ కొమ్మ మళ్ళీ లేవదు. సెరాటాను మోడుగా కొట్టినా భయం లేదు. ఎరిసిఫోలియా విషయంలో ప్రతి కొమ్మ మీదా కొంత ఆకు వదిలి, ఏటా కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకురావాలి. తీరప్రాంతపు టీ-ట్రీ, అంటే లెప్టోస్పెర్మమ్ లేవిగేటమ్, కూడా గింజల మీద ఆధారపడేదే. కుక్ నావికులు టీగా కాచుకున్నది ఈ ప్రజాతి ఆకులనే. దానికి చిన్నతనం నుంచీ కొమ్మలు దగ్గరగా ఉండేలా చిదుముతూ రావాలి. పొడవుగా వదిలేసి తర్వాత నరుకుదామంటే కుదరదు. బాటిల్ బ్రష్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. మణికట్టంత లావు కాండాన్ని జానెడు ఎత్తున కోసేసినా చుట్టూ చిగుళ్ళు కమ్ముకుంటాయి.

ఏదైనా కొత్త జాతిని కొనేముందు ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. అడవిలో కార్చిచ్చు తర్వాత ఇది ఏం చేస్తుంది? ఈ ఒక్క జవాబు ఏ బాన్సాయ్ పుస్తకమూ ఇవ్వలేనంత సమాచారం ఇస్తుంది. ఆస్ట్రేలియా వృక్షశాస్త్ర గ్రంథాల్లో చాలా జాతులకు ఈ వివరం రాసే ఉంటుంది.

చెక్కగడ్డ వల్ల కంటికి కూడా ఒక లాభం ఉంది. బాన్సాయ్‌లో వయసు కనిపించాల్సింది మొదట్లోనే. జపాన్ పద్ధతిలో నలువైపులా పరుచుకున్న వేళ్ళు ఆ పని చేస్తాయి. సెరాటాకు చిన్న వయసులోనే మొదలు ఉబ్బి, బెరడు పగిలి, కుండీలోని అడుగెత్తు మొక్కకు కూడా ముసలితనం వస్తుంది. ఆ మొదలును మట్టి మీదికి కాస్త తేల్చి నాటితే చాలు. రాగి తీగ చుట్టి, కొమ్మలను అంతస్తులుగా వంచి, పైన్ ఆకారం తెప్పించే ప్రయత్నాలు కూడా కొందరు చేస్తారు. నాకది ఇష్టం ఉండదు. ఇసుకరాయి మీద గాలికి ఒరిగి, ఒక పక్క కాలి, ఇంకో పక్క చిగురించిన బ్యాంక్సియాకు తనదంటూ ఒక రూపం ఉంది. కుండీలోకి రావలసింది ఆ రూపమే.

పూల విషయానికి వస్తే ఇంకో జీవశాస్త్ర సత్యం ఎదురవుతుంది. కుండీలో పెంచితే ఆకు చిన్నబడుతుంది. వేళ్ళకు చోటు తక్కువ, చిగుళ్ళ సంఖ్య ఎక్కువ, ఒక్కో ఆకుకు అందే వనరు తక్కువ. పువ్వు మాత్రం చిన్నబడదు. దాని కొలత పుప్పొడి మోసే జీవికి సరిపోయేలా జన్యువుల్లో చాలా గట్టిగా స్థిరపడి ఉంటుంది. బ్యాంక్సియా కంకి మీద వందలు, కొన్నిసార్లు వేల చిన్న పూలుంటాయి. తేనె కోసం పక్షులు, చిన్నచిన్న పోసమ్‌లు దాని మీద వాలతాయి, పాకుతాయి. ఎరిసిఫోలియా ఆకు చిన్నదే గానీ కంకి జానెడు దాకా పెరుగుతుంది. అడుగున్నర ఎత్తు మొక్క మీద అలాంటివి నాలుగు లేస్తే చెట్టు కనిపించదు, పూలే కనిపిస్తాయి. అందుకే అనుభవజ్ఞులు ఒకటో రెండో ఉంచి మిగతావి మొగ్గలోనే తీసేస్తారు. నిష్పత్తి మీద పట్టింపు ఉన్నవాళ్ళకు టీ-ట్రీ సరైనది. సన్నటి ఆకులు, రెండు సెంటీమీటర్లకు మించని అయిదు రేకుల పూలు. దూరం నుంచి చూస్తే పెద్ద చెట్టు పూసినట్టే ఉంటుంది.

బాటిల్ బ్రష్ పూత దగ్గరగా చూడదగ్గది. ఎర్రగా కనిపించేవి రేకులు కావు, కేసరాలు. రేకులు చిన్నగా, ఆకుపచ్చగా, త్వరగా రాలిపోతాయి. అసలు విశేషం కంకి కొసన ఉంది. చాలా మొక్కల్లో పూలకంకి వచ్చిందంటే ఆ కొమ్మ పెరుగుదల అక్కడితో ముగిసినట్టే. బాటిల్ బ్రష్‌లో కంకి నడిమి కాడ పూతతో ఆగదు. పూలు ఇంకా విచ్చుకుని ఉండగానే కొసనుంచి పట్టులాంటి నూగుతో కొత్త చిగురు బయటికొచ్చి, కొమ్మ ముందుకు సాగిపోతుంది. రాలిన పూల చోట చిన్న గట్టి కాయలు కాడకు అంటుకుని, దండకడియంలా చుట్టూ నిలిచిపోతాయి. ఏళ్ళ తరబడి ఊడవు. పాత కొమ్మను చేత్తో పట్టుకుని మొదలునుంచి తడుముతూ వస్తే కాయల పట్టీ, నున్నటి కొమ్మ, మళ్ళీ కాయల పట్టీ వరసగా తగులుతాయి. ఏ పూతకు ఎంత పెరిగిందో, ఏ పూతలో కాయ సరిగా కట్టలేదో ఆ కొమ్మ మీదే రాసి ఉంటుంది.

పెంచేవాళ్ళకు ఇందులోంచి రెండు విషయాలు బోధపడతాయి. మొదటిది, పూత కొసనే వస్తుంది గనుక ఏడాది పొడవునా కొసలు చిదిమేవాళ్ళ మొక్క పూయదు. దట్టంగా, అందంగా ఉంటుంది, పువ్వు మాత్రం ఉండదు. రెండోది, పూత అయ్యాక ఊరుకుంటే కొమ్మ ముందుకు పోతూనే ఉండి, మధ్యలో ఆకుల్లేని కాయల పట్టీలు మిగులుతాయి. కేసరాలు వాడిపోతుండగానే కంకికి కాస్త వెనక కోయాలి. ఆ కోతకు కిందనుంచి నాలుగైదు చిగుళ్ళు లేస్తాయి, వాటిని పెరగనిస్తే తర్వాతి పూత వాటి కొసల్లో వస్తుంది. రూపం దిద్దుకుంటున్న మొక్కకు రెండు మూడేళ్ళు పూత మీద ఆశ వదులుకోవడమే మంచిది. రూపానికీ పువ్వుకూ ఒకేసారి పని చేస్తే రెండూ అరకొరగా మిగులుతాయి.

నీటి దగ్గర జరిగే నష్టం అన్నిటికన్నా బాధాకరం, ఎందుకంటే అది తప్పించగలిగింది. ఆస్ట్రేలియా మొక్కలు కరవును తట్టుకుంటాయన్న మాట అందరూ విన్నదే. నేలలో పాతుకున్న మొక్కకు ఆ మాట నిజం. లోతుకు దిగిన వేళ్ళు చేసే పని అది. రెండంగుళాల లోతున్న పళ్ళెంలో ఆ వేళ్ళేవి? పైగా ఈ మొక్కల ఆకులు గట్టివి. నోయెల్ బీడిల్ అనే ఆస్ట్రేలియన్ శాస్త్రవేత్త 1950, 60 దశకాల్లో ఈ గట్టి ఆకులకూ నేలలో భాస్వరపు లేమికీ సంబంధం ఉందని వాదించాడు. భాస్వరం లేనిచోట ప్రొటీన్ ఖరీదైన సరుకు, పీచు చవక. ఆకు కట్టుకోవడంలో మొక్క పీచునే ఎక్కువగా వాడుతుంది. అలాంటి ఆకును తేమ కాక పీచే నిలబెడుతుంది. దాహమైతే బంతి, తులసి తలవాల్చి అడుగుతాయి. టీ-ట్రీ తల వాల్చదు. ఉదయం ఎలా ఉందో సాయంత్రమూ అలాగే ఉంటుంది. ఆకును వేళ్ళ మధ్య నలిపితే గలగలమంటే, అప్పటికే వేళ్ళు ఎండిపోయి ఉంటాయి, నీళ్ళు పోసినా ఫలితం ఉండదు. కాబట్టి టీ-ట్రీ విషయంలో ఆకును చూసి నీళ్ళు పోసే అలవాటు మానుకోవాలి. వేలు మట్టిలో పెట్టి చూడాలి, ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో రెండు పూటలా చూడాలి.

పేపర్‌బార్క్‌తో ఆ భయం లేదు. చిత్తడి నేలల మొక్క అది. కుండీని నీటి పళ్ళెంలో నిలబెట్టినా పెరుగుతుంది. అమెరికాలో ఫ్లోరిడా చిత్తడి నేలల్లో దీని జాతి ఒకటి అదుపు తప్పి పెద్ద కలుపుచెట్టయి కూర్చుంది. బ్యాంక్సియాకు మాత్రం నిలవనీరు పనికిరాదు. ఫైటోఫ్తోరా సిన్నమోమి అనే తెగులుకారకం తడిమట్టిలో ఈదుకుంటూ వచ్చి వేళ్ళను కుళ్ళబెడుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో బ్యాంక్సియా అడవులనే అది ఎండబెట్టింది. తూర్పు తీరపు జాతులు దాన్ని కొంత తట్టుకుంటాయి. అందుకే పడమటి అందమైన జాతులను తూర్పు తీరపు బ్యాంక్సియా ఇంటెగ్రిఫోలియా మీద అంటుకడతారు. కుండీ మట్టిలో సగానికి పైగా గరుకు ఇసుకో, రాతి నలుసులో ఉండాలన్న నియమం వెనక ఉన్న కారణం ఇదే.

కుండీ మార్చే కాలం విషయంలో జపాన్ క్యాలెండర్ ఈ మొక్కలకు అస్సలు పనికిరాదు. మేపుల్ చలికాలంలో ఆకు రాల్చి, తిండిని వేళ్ళలో దాచుకుని నిద్రపోతుంది. వసంతం ముంగిట వేళ్ళు కత్తిరిస్తే లేవగానే గాయం మానుతుంది. బ్యాంక్సియాకూ బాటిల్ బ్రష్‌కూ అలాంటి నిద్ర లేదు. ఏడాదంతా ఆకు ఉంటుంది, నీరు ఆవిరవుతూనే ఉంటుంది. చల్లటి మట్టిలో కొత్త వేరు పుట్టదు. చలిలో కోసిన వేరు మానక కుళ్ళుతుంది. అందువల్ల ఆస్ట్రేలియాలో వీటి కుండీలను వసంతం చివరనుంచి వేసవిలో, అంటే నవంబరు తర్వాతి వెచ్చటి నెలల్లో మారుస్తారు. కాన్‌బెర్రాలోని జాతీయ అర్బొరేటంలో ఉన్న బాన్సాయ్ సంగ్రహంలో జపాన్ పైన్‌ల పక్కన దేశవాళీ చెట్లూ కొలువుతీరాయి. ఆ అర్బొరేటం 2003 జనవరి కార్చిచ్చు తర్వాత రూపుదిద్దుకుని, 2013లో ప్రజలకు తెరుచుకుంది. పక్కపక్కన ఉన్నా రెండు రకాల చెట్లకూ ఒకే నెలలో ఒకే సేవ చేయడం కుదరదు.

మన ఊళ్ళలో పెంచేవాళ్ళు ఈ నియమాన్ని యథాతథంగా తీసుకోకూడదు. మన మే నెల ఎండలో వేళ్ళు కోస్తే ఏ మొక్కా బతకదు. వెచ్చదనం, గాలిలో తేమ కలిసి వచ్చేది తొలకరి పడ్డాక. బాటిల్ బ్రష్ కుండీ మార్చడానికి అదే అదను. కడియం నర్సరీల్లోనూ హైదరాబాద్ నర్సరీల్లోనూ దొరికే రకాల్లో కొమ్మలు వాలేవి ఎక్కువ. పొడుగ్గా, సన్నగా ఉన్నది కాక, మొదలు దగ్గర లావుగా, కిందినుంచే కొమ్మలున్నది ఎంచుకోవాలి. గింజ మొక్క పూతకు రావడానికి ఏళ్ళు పడుతుంది, పూసే చెట్టు కొమ్మనుంచి తీసిన మొక్క త్వరగా పూస్తుంది. ఆ సంగతి నర్సరీలో అడిగి తెలుసుకోవాలి. సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో ఉంటున్న తెలుగువాళ్ళకు దేశవాళీ మొక్కల నర్సరీల్లో చిన్న గొట్టపు కుండీల్లో బ్యాంక్సియా, టీ-ట్రీ నారు చవగ్గా దొరుకుతుంది. అడవిలో కనిపించిందని తవ్వి తేవడం అక్కడ అనుమతి లేకుండా చేస్తే నేరం.

మన దగ్గర బాటిల్ బ్రష్‌కు పట్టే పెద్ద రోగం బోరునీటితో వస్తుంది. సున్నం ఎక్కువున్న నీరు పోస్తూ పోతే లేత ఆకులు పసుపుబడి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. నేలలో ఇనుము ఉంటుంది, సున్నం వల్ల కరగదు, వేరు అందుకోలేదు. వేరుశనగ రైతుకు ఈ లక్షణం బాగా తెలుసు, మందూ తెలుసు. లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తాడు. అన్నభేది ఇనుమిస్తుంది. నిమ్మఉప్పు అంటే సిట్రిక్ ఆమ్లం, ఇనుము గడ్డకట్టి పనికిరాకుండా పోకుండా కరిగిన స్థితిలో ఉంచుతుంది. బ్యాంక్సియా గుత్తివేళ్ళు ఇసుకరాయి మట్టిలోకి వదిలే సిట్రేట్ కూడా ఈ సిట్రిక్ ఆమ్లం తాలూకు లవణమే. అక్కడ ఇనుమును పట్టుకుని భాస్వరాన్ని విడిపిస్తుంది, ఇక్కడ ఇనుమును పట్టుకుని ఆకుకు అందిస్తుంది. బాటిల్ బ్రష్‌కు ఆ గుత్తివేళ్ళు లేవు గనుక పని మనం చేయాలి. వానాకాలంలో పట్టి ఉంచిన వాననీరు పోయగలిగితే పిచికారీ అవసరం చాలావరకు తగ్గిపోతుంది.

గింజనుంచే మొదలుపెట్టాలనే పట్టుదల ఉన్నవాళ్ళకు బ్యాంక్సియా కంకి దారి ఒకటుంది. మూసుకున్న కాయలున్న ఎండు కంకిని 120 డిగ్రీల ఓవెన్‌లో దాదాపు గంటసేపు ఉంచితే కాయ పెదవులను అంటించిన జిగురు కరిగి, అవి విచ్చుకుంటాయి. తెరుచుకోనివాటిని నీళ్ళలో నానబెట్టి ఆరబెడితే అవీ తెరుచుకుంటాయి. ఒక్కో కాయలో సాధారణంగా రెండు గింజలు, పల్చటి రెక్కతో, వాటి మధ్య చెక్కపలుకు ఒకటి. ఎరువు కలపని ఇసుక మిశ్రమంలో, లోతుగా కాకుండా నాటి, తేమ ఆరకుండా చూస్తే కొన్ని వారాల్లో మొలకలు వస్తాయి. మొదటి గుత్తివేళ్ళు కనిపించాక నత్రజని, పొటాష్ మాత్రమే ఉన్న పల్చటి ఎరువు మొదలుపెట్టవచ్చు.